వాషింగ్టన్ లోగిలిలో ఓ రోజు

ఢాం... ఢాం... ఢాం!

వరసగా నిలబడ్డ సైనికుల తుపాకులన్నీ ఒక్కసారిగా పేలాయి. మైదానమంతా తెల్లటి పొగ. పదేళ్ల మా అక్క కూతురు చెవులు మూసుకుని నా వెనక నక్కింది. పొగ విచ్చుకున్నాక చూస్తే ఎర్రకోట్ల 'శత్రువు' ఒక్కడూ పడలేదు! పడరు మరి. ఆ తుపాకుల్లో ఉన్నది ఉత్తి మందే, గుండ్లు ఉండవు.

ఇది సినిమా షూటింగ్ కాదు. అమెరికా రాజధానికి పాతిక కిలోమీటర్ల దూరంలో, పొటోమాక్ నది ఒడ్డున ఉన్న మౌంట్ వెర్నన్... తొలి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ ఇల్లు. 2019 మేలో వర్జీనియాలో ఉంటున్న అక్కాబావల దగ్గరికి వెళ్లినప్పుడు అక్కడ 'రివల్యూషనరీ వార్ వీకెండ్' జరుగుతోంది. స్వాతంత్ర్య యుద్ధం నాటి దుస్తులు వేసుకుని, గుడారాలు కట్టుకుని, కట్టెల పొయ్యి మీద వండుకుంటూ శని, ఆదివారాలు అక్కడే గడుపుతారు ఔత్సాహికులు. మండే ఎండలో ఆ ఉన్ని కోట్లు ఎలా భరిస్తారో!

తూటా కాగితాన్ని పళ్లతో కొరికి, మందు పోసి, దట్టించి పేల్చాలి. ఆరితేరిన సైనికుడు నిమిషానికి మూడుసార్లు పేల్చేవాడట. అందుకే సైన్యంలో చేరాలంటే ఎదురెదురుగా రెండు పళ్లయినా ఉండాలి అని ఒకాయన చెప్పగానే మా పిల్ల నోరు తెరిచి చూపించింది.

ఎర్రకోట్లను చూసి బావకు కార్న్‌వాలిస్ గుర్తొచ్చాడు. 1781లో యార్క్‌టౌన్‌లో వాషింగ్టన్ సేనల ముందు ఓడిన ఆ దొరే, అయిదేళ్లకు గవర్నర్ జనరల్‌గా మన దేశానికొచ్చాడు. మనం బడిలో బట్టీపట్టిన శాశ్వత శిస్తు, 1793 నాటిది, ఆయనదే. అక్కడ పోయింది ఇక్కడ రాబట్టుకున్నాడన్నమాట!

ఇల్లు దూరం నుంచి రాతికట్టడంలా ఉంటుంది. దగ్గరికెళ్లి చూస్తే చెక్క. పైన్ పలకల్ని రాళ్ల ఆకారంలో చెక్కి, తడి రంగు మీద ఇసుక చల్లారు. నడవాలో ఓ తాళంచెవి ఉంది. ప్యారిస్‌లోని బాస్టిల్ కోటది. స్వేచ్ఛకు గుర్తుగా 1790లో లఫాయెట్ పంపిన కానుక. పైన, 1799 డిసెంబరు 14న వాషింగ్టన్ కన్నుమూసిన గది. ఆ సమయంలో భార్య, వైద్యులతో పాటు నలుగురు బానిసలు కూడా ఆ గదిలో ఉన్నారు. క్రిస్టఫర్, కెరొలిన్, మాలీ, షార్లెట్.

అవును, బానిసలు. ఆయన చనిపోయేనాటికి ఈ ఎస్టేట్‌లో 317 మంది ఉండేవారు.

పెరటివైపు వెళ్తే వాళ్లు పడుకున్న గదులు మళ్లీ కట్టి చూపిస్తున్నారు. గోడవారగా పెట్టెల్లాంటి పడకలు, ఒకదాని మీద ఒకటి. రోజూ తిండి మొక్కజొన్న పిండి, ఉప్పుచేప. అక్కడ ఓ నల్లజాతి మహిళ ఆనాటి పనిమనిషి వేషంలో నిలబడి సందర్శకులతో మాట్లాడుతున్నారు. మైదానంలో అంత గోలచేసిన పిల్లలంతా ఆవిడ ముందు చప్పుడు చేయలేదు.

ఓనా జడ్జ్ కథ మాత్రం మా పిల్ల రెండుసార్లు చెప్పించుకుంది. ఆమె మార్తా వాషింగ్టన్ ఆంతరంగిక దాసి. తనను మార్తా మనవరాలికి ఇచ్చేస్తారని తెలిసి, 1796 మే 21న ఫిలడెల్ఫియాలోని అధ్యక్ష భవనం నుంచి పారిపోయింది. వెనక్కి రప్పించడానికి వాషింగ్టన్ మనుషుల్ని పంపారు. దొరకలేదు. 1848లో న్యూహాంప్‌షైర్‌లో చనిపోయింది, చట్టం దృష్టిలో చివరిదాకా బానిసగానే. తన సొంత బానిసలు 123 మందికి వాషింగ్టన్ వీలునామాలో విడుదల రాశారు. మార్తా తొలి భర్త ఎస్టేట్ నుంచి వచ్చిన 153 మందిని విడిపించే హక్కు ఆయనకు లేదు. రెండు వర్గాల వాళ్లూ పెళ్లిళ్లు చేసుకుని ఉన్నారు. అంటే భర్తకు విముక్తి, భార్యకు లేదు!

"పిన్నీ, అప్పుడు మనం ఇక్కడుంటే ఏ గదిలో ఉండేవాళ్లం?" అంది పిల్ల.

అక్క నావైపు చూసింది. మా ముత్తాత మా ఊరి గడీలో వెట్టి చేసినవాడు. ఆ గడీలో ఇప్పుడు సినిమా షూటింగులు జరుగుతాయి. దొర కూర్చున్న ఉయ్యాల, దొరసాని అద్దం చూపిస్తారు. నీళ్లు మోసినవాళ్లు ఎక్కడ పడుకునేవారో చూపించేవాళ్లు లేరు. నేనూ ఎన్నడూ అడగలేదు.

అదే చెప్పాను దానికి, తెలిసినంతవరకు. "ముత్తాత పారిపోలేదా?" అంది. తెలీదన్నాను.

వాషింగ్టన్ సమాధికి కాస్త దూరంలో, చెట్ల కింద బానిసల శ్మశానం. పేర్లు చెక్కిన రాళ్లు లేవు. 1983లో పెట్టిన స్మారకం మాత్రం ఉంది. మేం అక్కడికి చేరేసరికి మైదానంలో మళ్లీ తుపాకులు పేలాయి. ఈసారి పిల్ల చెవులు మూసుకోలేదు. ఇంటికెళ్లాక నానమ్మకు ఫోన్ చేసి ముత్తాత పేరేంటో కనుక్కోవాలంది.