మెత్తనిదంతా సుఖం కాదు

మోటార్‌సైకిల్ కొనేటప్పుడు మైలేజీ అడగనివాళ్లుండరు. వాయిదాలెన్ని, ఏయే రంగులున్నాయి, హెల్మెట్ ఇస్తారా... అన్నీ అడుగుతారు. సీటు సంగతి మాత్రం ఎవరూ అడగరు. షోరూమ్‌లో రెండు నిమిషాలు కూర్చుంటే ఏ సీటైనా బాగానే ఉంటుంది మరి! దాని అసలు గుణం బయటపడేది నలభయ్యో కిలోమీటరు దాటాకే.

విజయవాడలో ఉండే ఓ మందుల కంపెనీ ప్రతినిధికి ఆ గుణం బాగా తెలిసొచ్చింది. ఆయన ఉద్యోగమంతా బండిమీదే. ఒకరోజు నందిగామ మీదుగా జగ్గయ్యపేట, ఇంకోరోజు నూజివీడు, మరోరోజు తిరువూరు. రానూపోనూ నూట యాభై కిలోమీటర్లు తిరిగిన రోజులూ ఉన్నాయి. నలభై ఏళ్లు దాటేసరికి సాయంత్రం బండి దిగి నిటారుగా నిలబడటానికే ఓ నిమిషం పట్టేది. తొడల వెనక తిమ్మిర్లు, నడుములో సలుపు. కొన్ని రాత్రుళ్లు కంచం చేత్తో పట్టుకుని నిలబడే అన్నం తినేవాడు.

డాక్టర్ ఎక్స్‌రే చూసి ‘ఎముకల్లో లోపమేమీ లేదు, బండి తగ్గించండి’ అన్నాడు. బండి తగ్గించడమంటే ఆయన లెక్కలో ఉద్యోగం మానుకోవడమే. పిల్లలిద్దరి ఫీజులు, ఇంటి అప్పు... అన్నీ ఆ రెండు చక్రాలమీదే నడుస్తున్నాయి.

దాంతో సొంత వైద్యం మొదలైంది. మొదట తువ్వాలు మడతపెట్టి వేశాడు. బ్రేకు కొట్టినప్పుడల్లా అది ముందుకు జారిపోయేది. తర్వాత సీటుమీద రెండంగుళాల మెత్తటి స్పాంజి వేయించాడు. వారంపాటు పట్టుపరుపే! నెల తిరిగేసరికి అప్పడంలా అణిగిపోయింది. పైగా సీటు ఎత్తు పెరిగి కాళ్లు నేలకు సరిగ్గా ఆనక, ఓసారి సిగ్నల్ దగ్గర బండి ఒరిగిపోబోయింది. చివరికి జెల్ నింపిన దిండు కొన్నాడు. మే నెలలో ఎండన బండి నిలిపి వచ్చి కూర్చుంటే అది పెనమే అయింది.

ఆ తర్వాతే ఎవరో చెబితే ఆటోనగర్‌లో సీట్లు కుట్టే ఓ పెద్దాయన దగ్గరికి వెళ్లాడు. ఇంకా మెత్తగా చేయాలని అడిగితే ఆ పెద్దాయన నవ్వి, ‘మెత్తగా ఉండబట్టే నొప్పి సార్’ అన్నాడు.

వినడానికి వింతగా ఉన్నా, అందులో నిజముంది. కూర్చున్నప్పుడు ఒంటి బరువులో చాలా భాగం పిరుదుల కిందుండే రెండు ఎముకలమీద పడుతుంది. స్పాంజి మరీ మెత్తగా ఉంటే ఆ ఎముకలు దాన్ని అణిచేసి, అడుగునున్న గట్టి పలక దాకా దిగిపోతాయి. అక్కడ ఒత్తిడి పెరిగి రక్తం సరిగ్గా ఆడదు. తిమ్మిరి అందుకే. కాస్త బిగువుగా, వెడల్పుగా ఉండే సీటైతే బరువును ఎక్కువ చోటికి పంచుతుంది. ముట్టుకుంటే గట్టిగా అనిపించేదే రెండు గంటల తర్వాత సుఖంగా ఉంటుంది. సీటు ముందుకు వాలి ఉంటే మరో తంటా. మనిషి ట్యాంకుమీదికి జారుతూ, మళ్లీ వెనక్కి జరుగుతూ దారి పొడవునా నడుముతో కుస్తీ పడుతుంటాడు.

పెద్దాయన రెగ్జిన్ విప్పి, పాత ఫోమును చేత్తో తడిమి చూశాడు. ‘ముందు భాగం కంటే వెనకభాగం ఎక్కువ దెబ్బతింది. అదీ ఎడమవైపే. వెనక ఎవరు కూర్చుంటారు సార్?’ అన్నాడు.

కూర్చునేది భార్య. నెలకోసారి గుడివాడలోని పుట్టింటికి ఆ బండిమీదే వెళుతుంది. చీర కట్టుకుని ఒకవైపుకి కూర్చుంటుంది కాబట్టి బరువంతా ఎడమవైపే. కంకిపాడు రాగానే ‘ఏవండీ, దాహంగా ఉంది’ అని బండి ఆపించడం ఆమెకు అలవాటు. ఆ సాయంత్రం ఇంటికెళ్లి అడిగితే అసలు విషయం బయటపడింది. అది దాహం కాదు, నడుం నొప్పి.

‘మరి ఇన్నేళ్లూ చెప్పలేదేం?’

‘మీరే నిలబడి అన్నం తింటున్నారు. ఇంక నా సంగతి ఏం చెప్పను?’

మర్నాడు ఆయన ఆటోనగర్‌కి ఒక్కడే వెళ్లలేదు. పెద్దాయన ఇద్దర్నీ బండిమీద కూర్చోబెట్టి, ఎక్కడ ఒత్తుకుంటోందో అడిగి సుద్దముక్కతో గీతలు గీశాడు. అణిగిన ఫోమును కోసి తీసేసి అక్కడ గట్టి ఫోము అతికించాడు. పైన పలచగా మెత్తటి పొర వేశాడు. ముందు వాలును సరిచేశాడు. ఎత్తు పెంచకుండా, కూర్చునే చోట వెడల్పు పెంచాడు. వాన నీళ్లు కుట్లలోంచి దిగకుండా రెగ్జిన్ కింద ప్లాస్టిక్ షీటు పరిచాడు. మొత్తం ఖర్చు ఓ జత మంచి బూట్ల ధర కూడా కాలేదు.

నొప్పి మంత్రం వేసినట్టు మాయమైపోలేదు. సగానికి సగం తగ్గింది. మిగతా సగానికి మందు సీటులో లేదు. ఎంత మంచి సీటైనా ఒంటిని కదలనివ్వదు. అందుకే ఆయన ఇప్పుడు గంటకోసారి బండి ఆపి అయిదు నిమిషాలు నడుస్తున్నాడు. టైర్లలో గాలి సరిచూసుకుంటున్నాడు. గాలి ఎక్కువైతే ప్రతి గతుకూ నేరుగా నడుముకే తగులుతుంది. వెనక షాకబ్జార్బర్లు అరిగిపోయినా అంతే. ఆ తప్పు కూడా సీటుమీదికే పోతుంది.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు వెనక కూర్చునేవాళ్లకు పట్టుకోవడానికి పిడి, కాళ్లు పెట్టుకోవడానికి ఆధారం, బట్టలు చక్రంలో పడకుండా అడ్డు ఉండాలంటున్నాయి. చట్టం అంతవరకే చెప్పగలదు. ఆ మనిషికి సుఖంగా ఉందో లేదో అడగాల్సింది బండి నడిపేవాళ్లే.

మీ ఇంట్లోనూ బండి ఉంటే ఈ వారం సీటు వెనకభాగాన్ని ఓసారి అరచేత్తో గట్టిగా నొక్కి చూడండి. అడుగున పలక చేతికి తగిలిందంటే, ఇన్నాళ్లూ వెనక ఎవరో నోరు విప్పకుండా ఓర్చుకుంటున్నారన్నమాటే!