ఛుట్టీ ఎవరి సొమ్ము?

మా వాడల పనిచేసెటోళ్లకు నాగా అన్న మాట తెలుసు. ఛుట్టీ అన్న మాట తెల్వది. ఛుట్టీ బడి పిల్లలది, ఆఫీసుల కూసునెటోళ్లది. నాగా మాది. మేళ్లచెరువుల మా తాత ఒక పటేలు ఇంట్ల ఏండ్లకేండ్లు జీతమున్నడు. పెండ్లికి తెచ్చిన అప్పు కింద జీతం. జరమొచ్చి పండుకున్నా, చుట్టం చచ్చి పోయినా ఆ దినం నాగా కింద పడేది. ఏడాది నిండినంక ఎన్ని నాగాలుంటె అన్ని దినాలు ఎక్కువ చేసి తీర్చాలె. శివరాత్రికి శంభులింగేశ్వరుని జాతరకు చుట్టుపక్కల ఊర్లన్ని కదిలొస్తయి. మా తాత గూడ పోయెటోడు, పటేలు ఇంటోళ్ల బండి తోలుకొని. వాళ్లు దేవుని కాడికి పోతె ఈయన రాత్రంత ఎడ్లకాడ కావలి. దాన్నే పండుగకు పోయిండు అనెటోళ్లు.

మా అవ్వ, అంటె నన్ను కన్నతల్లి, 2007 మొదట్ల కువైట్ పోయింది, ఇంటిపనికి. అప్పుడామెకు 33 ఏండ్లు. మా ఊరు అప్పుడు నల్లగొండ జిల్లా, 2016 నుంచి సూర్యాపేట జిల్లా. గల్ఫంటె కరీంనగర్, నిజామాబాద్ మొగోళ్లు గుర్తుకొస్తరు. ఇంటిపనికి పోయే ఆడోళ్లంటె కడప, గోదావరి జిల్లాలు గుర్తుకొస్తయి. మా దిక్కు నుంచి పోయెటోళ్లు తక్కువ. మా వాడ ఆడోళ్లకు నాట్లు, కలుపులు, మిరపకాయ ఏరుడు, లేకపోతె సిమెంటు ఫ్యాక్టరీల కాడ కాంట్రాక్టు కూలి. మా నాయిన చనిపోయినంక అప్పు మిగిలింది, ముగ్గురం పిల్లలం మిగిలినం. రెండేండ్లు చేస్తె అప్పు పోను ఇల్లు లేస్తదన్నడు ఒక ఏజెంటు. అవ్వ అరబ్బీల రాసిన కాయితం మీద ఏలిముద్ర ఏసింది. అండ్ల ఏమున్నదో చదివి చెప్పినోడు లేడు.

అక్కడ ఇంటామెను మామా అనాలె, ఇంటాయనను బాబా అనాలె. దిగిన దినమే మామా పాస్‌పోర్టు తీసుకొని బీరువల పెట్టి తాళమేసింది. పొద్దుగాల ఐదింటికి లేస్తె రాత్రి పన్నెండయ్యేది. రంజాన్ నెలల సహరీ దాక నిద్రలేదు. జీతం నెలకు 40 దినార్లు, అప్పటి లెక్కల మన ఆరువేల పైన. ఆ పైసలతోటే నేను కోదాడల కాలేజి చదివిన. అది కాదనను.

ఇంకొక సంగతి గూడ చెప్పాలె. మా ఊర్లె అవ్వ పెద్దకులపోళ్ల ఇండ్లల్ల వాకిలి ఊడ్చింది, పేడ ఎత్తింది, వడ్లు చెరిగింది. ఏనాడూ గడప దాటలె. పైనుంచి నీళ్లు పోస్తె దోసిట్ల పట్టుకొని తాగింది. కువైట్‌ల ఆమె వండిందే ఇంటిల్లిపాది తిన్నరు. పసిపిల్లను ఆమె పక్కలనే పండుకోబెట్టిన్రు. నీ కులమేందని ఒక్కలు అడగలె. ఫోన్ల అవ్వ మొదట చెప్పింది గిదే. "వంటింట్ల తిరుగుతున్న బిడ్డా" అన్నది. ఆ గొంతుల ఎంత సంబురమో! ఆర్నెల్లయినంక అదే గొంతు, "ఈడ గడప లోపలికే గని బయటికి లేదు బిడ్డా" అన్నది. మా ఊరి ఇల్లు ఆమెను లోపలికి రానియ్యలె. ఆ దేశం ఇల్లు ఆమెను బయటికి పోనియ్యలె.

రెండేండ్లు నిండినయి. ఛుట్టీ అడిగింది. ఇంకొకామె దొరికినంక పొమ్మన్నరు. మళ్ల అడిగితె టికెట్ పైసలు నువ్వే పెట్టుకోమన్నరు. మూడోసారి, నీ వీసాకు మేం పెట్టినయి ఇంక తీరలేదన్నరు. 2009 వానకాలం మా అమ్మమ్మ చనిపోయింది. అవ్వ వస్తదేమోనని ఒక దినం శవాన్ని ఆపినం. పాస్‌పోర్టు బీరువలనే ఉన్నది. పొద్దుమూకంగ మట్టి చేసినం. అవ్వ ఆ దినం గూడ ఇంటికొచ్చిన చుట్టాలకు వండి పెట్టింది. బాత్రూంల నల్లా ఇప్పి, సప్పుడు బయటికి రాకుండ ఏడ్చిందట. 2011ల అంత ఇడిసిపెట్టి వచ్చింది. ఆఖరు నెలల జీతం టికెట్ కింద పట్టుకున్నరు.

"మామా మంచిదే, ఏనాడు చెయ్యెత్తలె" అంటది అవ్వ ఇప్పటికీ. నేను కొట్లాడేది ఈడనే. మా పటేలు మంచోడే అని మా తాత గూడ అనెటోడు. మంచోడైతె పంపుతడు, చెడ్డోడైతె పంపడు అన్నప్పుడు అది హక్కు ఎట్లయితది? అది దయ. దయ మీద బతికినన్ని దినాలు జీతగాడు జీతగాడే.

1976 వెట్టిచాకిరి నిర్మూలన చట్టం వెట్టి అంటె ఏందో చెప్తది. అప్పు కింద కూలి లేకుండ చేసుడొక్కటే వెట్టి కాదు. అప్పు కింద దేశంల స్వేచ్ఛగ తిరిగే హక్కు పోవుడు గూడ వెట్టే. ఆ చట్టం సముద్రం దాటదు. కని ఆ అర్థం దాటాలె.

అవ్వ ఉన్న దినాలల్ల కువైట్ కార్మిక చట్టం ఇంటిపనోళ్లను కార్మికులుగనే లెక్కగట్టలె. 2010ల కొత్తగ తెచ్చిన కార్మిక చట్టం గూడ వాళ్లను బయటనే పెట్టింది. 2015ల వాళ్లకోసమే 68వ నంబరు చట్టం వచ్చింది. వారానికొక సెలవు, ఏడాదికి జీతంతోటి 30 దినాల సెలవు, దినానికి 12 గంటలు మించని పని, ఇడిసి వచ్చెటప్పుడు ఏడాదికొక నెల జీతం అని రాసిన్రు. పనామె ఒప్పుకుంటె తప్ప పాస్‌పోర్టు ఓనరు పెట్టుకోవద్దు అని గూడ రాసిన్రు. ఒప్పుకోకుండ ఆ ఇంట్ల ఒక్క దినం ఉండగల్గుతదా? ఏలిముద్ర మా తాతదీ ఉండె, ఇష్టపడే ఏసినట్టు! సౌదీ 2013ల రెండేండ్లకొక నెల సెలవు అని నియమం పెట్టింది. ఎమిరేట్స్ 2022 చట్టంల రెండేండ్లకొకసారి ఇంటికొచ్చిపోయే టికెట్ గూడ రాసింది. రాత వచ్చింది. రాతను అమలు పెట్టే చెయ్యి కావాలె.

2011 జూన్‌ల అంతర్జాతీయ కార్మిక సంస్థ 189వ ఒప్పందం తెచ్చింది. ఇంట్ల ఉండి పనిచేసెటోళ్లు సెలవునాడు ఆ ఇంట్లనే ఉండాలన్న నిర్బంధం లేదని, పాస్‌పోర్టు వాళ్లకాడనే ఉండాలని దాని 9వ అధికరణం చెప్తది. బయట పనిచేసెటోనికి ఇల్లు చేరితె సెలవు. ఇంట్లనే పనిచేసెటామెకు ఆ ఇల్లు దాటితెనే సెలవు. ఈ ముక్క అర్థమైనోళ్లు రాసిన మాట అది. మన దేశం దానికి ఓటేసింది గని ఇప్పటిదాక ధ్రువీకరించలె. ఫిలిప్పీన్స్ 2012లనే ధ్రువీకరించింది. 2018ల తమ పనామె శవం కువైట్‌ల ఫ్రీజర్ల దొరికితె, ఆ దేశం మనుషులను పంపుడే బంద్ పెట్టింది. ఆ మే నెలల ఒప్పందం చేయించింది. పాస్‌పోర్టు ఓనరు బీరువల కాదు, ఎంబసీల ఉండాలె, ఫోను పనామె చేతిల ఉండాలె అన్నది. మనం 2021 జూన్‌ల కువైట్‌తోటి ఇంటిపనోళ్ల ఒప్పందం మీద సంతకం చేసినం.

మన సర్కారు 2016ల ఇంకో నియమం పెట్టింది. పదో తరగతి కాని ఆడోళ్లు గల్ఫుల ఇంటిపనికి పోవాలంటె సర్కారు ఏజెన్సీల నుంచే పోవాలె. తెలంగాణల అది టామ్‌కామ్. 30 ఏండ్లు నిండాలన్నది గూడ ఉన్నది. పది కాని ఆడోళ్లంటె ఎవలు? ఎక్కువ మా వాడలోళ్లే. రక్షణ కోసమే అన్నరు. పోయే తొవ్వ ఇరుకు చేస్తె ఏజెంటు విజిట్ వీసా చేతిల పెట్టి దొడ్డి తొవ్వన పంపుతడు. తిరిగొచ్చే తొవ్వ తెరిచి పెట్టుడే రక్షణ.

చదువుకున్న తమ్ములకు, చెల్లెండ్లకు ఒక్కటే చెప్త. మీ వాడల ఎవలన్న పోతుంటె జీతమెంత అని అందరం అడుగుతం. ఛుట్టీ ఎన్ని దినాలు, టికెట్ ఎవలు పెడతరు, పాస్‌పోర్టు ఎవలి చేతిల ఉంటది అని గూడ అడగాలె. కాయితం తెలుగుల చదివి చెప్పాలె. పాస్‌పోర్టు, వీసా కాపీలు ఇంట్ల పెట్టించాలె. కష్టమొస్తె విదేశాంగ శాఖ 2015ల పెట్టిన మదద్ పోర్టల్‌ల ఫిర్యాదు రాసియ్యాలె. మన సంఘాలు కూలి రేటు మీద కొట్లాడినట్టే ఛుట్టీ మీద కొట్లాడాలె. అది మామా ఇచ్చే ఇనాం కాదు. రెండేండ్ల చాకిరిల నెలనెలా జమయిన మా అవ్వల సొమ్ము.