పుట్టిన ఊళ్ళో అద్దె గది

మా ఇంట్లో ప్రయాణం మాట అనుకోగానే మావారు లెక్కల పుస్తకం తీస్తారు. పెట్టె తీయడం తర్వాత సంగతి. ఈసారి మాత్రం ఆ పుస్తకం నేనే తీసి, కొత్త పేజీలో "అమ్మకి మాడుగుల చూపించడం: 12,000" అని రాసిపెట్టాను. అంకె చూసి మావారు కళ్ళజోడు సవరించుకున్నారు.

"మీ అమ్మగారి పుట్టింటికి వెళ్ళడానికి పన్నెండు వేలెందుకోయ్? ఛార్జీల డబ్బు చాలదూ?"

పుట్టిల్లుంటే చాలును. అది లేదు కనకనే ఈ తంటా అంతా.

తాతగారు మాడుగులలో బడిపంతులు. ఆయన పోయాక మావయ్య 1988లో ఇల్లమ్మేసి కొడుకు దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ మావయ్యా లేడిప్పుడు. వరసకి అయినవాళ్ళు ఒకరిద్దరున్నారు గానీ, పెళ్ళిళ్ళలో కనిపిస్తే "బావున్నారా" అనుకునే చుట్టరికం. వాళ్ళింటికి ముగ్గురు ఆడవాళ్ళం సంచులు పుచ్చుకుని దిగిపోతే ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

అమ్మకి 84 వెళ్ళాయి. హైదరాబాదులో నా దగ్గరే ఉంటుంది. ఫలానాది కావాలని ఏనాడూ అడిగిన మనిషి కాదు. అలాంటిది ఓ రోజు చిక్కుడుకాయలు వలుస్తూ, "మోకాళ్ళు పూర్తిగా పోకముందు ఓసారి మాడుగుల తీసుకెళ్తావేటే?" అంది. అని మళ్ళీ కాయలు వలుచుకుంటోంది, నేను వినలేదేమో అన్నట్టు.

విన్నాను. విని విజయనగరంలో ఉన్న అక్కకి ఫోన్ చేశాను. ముగ్గురం కలిసి వెళ్ళడం, రెండు రాత్రులుండటం. ఇంతవరకు సులభంగానే తేలింది. "ఎక్కడ దిగుతాం?" అంది అక్క. "లాడ్జిలో" అన్నాను. పక్కనే కూర్చున్న అమ్మ చేతిలో గింజలు పళ్ళెంలో పోసేసి లోపలికి వెళ్ళిపోయింది.

"పుట్టినూళ్ళో డబ్బులిచ్చి పడుకోమంటావా నన్ను?"

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే ఆ ఇంటి సంగతి నాకూ తెలుసు. మాడుగుల కొండల కింద ఊరు. ఆ పైన ఘాట్ రోడ్డెక్కితే పాడేరు. మా తాతగారిల్లు ఆ బస్సులు వెళ్ళే రోడ్డు మీదే ఉండేది. సంతకి చింతపండు, అడ్డాకులు తెచ్చిన కొండవాళ్ళు, ఆఫీసు పని మీద వచ్చిన గుమాస్తాలు, ఎవరు సాయంత్రం బస్సు తప్పిపోయినా మా అరుగు మీదే పడుకునేవారు. నేను వేసవి సెలవులకి వెళ్ళినప్పుడు పొద్దున్నే తలుపు తీస్తే, అరుగు మీద ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టి అమ్మమ్మకి చెప్పడం నా పని. లెక్కని బట్టి ఆవిడ చల్ల కలిపేది. ఎవరినీ ఊరూ పేరూ అడగ్గా నేను చూడలేదు. అలాంటి ఇంటి పిల్ల అదే ఊళ్ళో రోజుకింతని ఇచ్చి పడుకోవాలి!

సరే, అమ్మని తర్వాత ఒప్పించవచ్చని గది వెతకడం మొదలెట్టాను. మా అబ్బాయి ఫోన్ తీసి ఊరి పేరు కొట్టాడు. ముందు తెలంగాణలోని మాడ్గుల చూపించింది. "అది కాదురా" అంటే పాడేరు అవతల ఉన్న జి.మాడుగుల చూపించింది. మనది వి.మాడుగుల. పేరు ముందు ఒక్క అక్షరం చూసుకోకపోతే గది కొండ మీదా మనం కొండ కిందా ఉంటామన్నమాట. చివరికి సరైన ఊరు దొరికింది గానీ, దగ్గర్లో హోటళ్ళంటూ అది చూపించినవన్నీ విశాఖపట్నం బీచి ఒడ్డున ఉన్నవి! నీలం రంగు ఈతకొలను పక్కన గొడుగు కింద కూర్చున్న అమ్మాయిని చూసి అమ్మ, "ఇది మాడుగులే?" అని తెగ ఆశ్చర్యపోయింది.

మావాడికి ఓపిక తక్కువ. "అరకులో రిసార్టు బుక్ చేస్తాను, అక్కణ్ణించి కారులో మాడుగుల చూసొచ్చేయండి" అన్నాడు. రిసార్టులో ఒక రాత్రి ఖరీదు నా పద్దులో సగం మింగేస్తుంది. పైగా అమ్మ చూడాలన్నది మాడుగుల. పాడేరులో దిగుదామా అనుకుంటే, చలికాలం వచ్చిందంటే వంజంగి మేఘాలు చూడ్డానికి జనం విరగబడుతున్నారట. శని ఆదివారాల్లో గదులు దొరకవు, దొరికినా రేట్లు కొండెక్కి కూర్చుంటాయి. అనకాపల్లిలో లాడ్జీలకి లోటు లేదు గానీ, అక్కణ్ణించి మాడుగుల దగ్గర దగ్గర నలభై కిలోమీటర్లు. రోజూ పోయి రావడం అమ్మ వల్ల కాదు. కొత్త అమావాస్య నుంచి నెల్లాళ్ళయితే అనకాపల్లిలోనూ నూకాంబిక జాతర రద్దీ. అందుకని డిసెంబరు మొదటి వారం, సోమ మంగళవారాలు, మాడుగులలోనే అని నిశ్చయించేశాను. వారం మధ్యలో వెళ్తే గదివాళ్ళు మర్యాదగా మాట్లాడతారు, రూపాయి తగ్గిస్తారు. ఇది ఎక్కడికి వెళ్ళినా పనికొచ్చే మాటే.

అక్క వాకబు చేసి, బస్సులాగే చోటికి దగ్గర్లో ఉన్న ఓ చిన్న లాడ్జి నంబరు సంపాదించింది. ఫోన్లు నేనే చేశాను. మగవాళ్ళు గది అడిగితే "ఏసీ ఉందా, రేటెంత" అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. మనకి కావలసినవి వేరు. కాగితం మీద రాసుకుని మరీ అడిగాను.

"కుర్చీలా కూర్చునే దొడ్డి ఉందా నాయనా? మా అమ్మకి మోకాళ్ళ నొప్పులు."

"ఒక గదికుందమ్మా."

"ఆ గదే కావాలి. మెట్లెక్కాలా?"

"మీరడిగింది కిందదే. మెట్లు లేవు."

"వేన్నీళ్ళు?"

"గీజరు లేదమ్మా. బకెట్టుతో పట్టుకొచ్చి ఇస్తాం."

"ఎన్ని గంటలకి?"

"మీరెన్నింటికి లేస్తారు?"

ఈ జవాబుతో నాకు సగం ధైర్యం వచ్చింది. దోమల సంగతి, పక్క దుప్పట్ల సంగతి, మూడో మనిషికి పరుపు వేస్తే ఎంత ఎక్కువ తీసుకుంటారన్న సంగతి అన్నీ అయ్యాయి. పన్ను కలిపి చెప్పారా, విడిగానా అని కూడా అడిగాను. వెయ్యి రూపాయల లోపు గదులకి పన్ను లేని రోజులు 2022 జూలైతో పోయాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి మాత్రం రోజుకి 7,500 దాటని గదికి 12 శాతం కాస్తా 5 శాతమైంది. చెప్పిన రేటే ఆఖరి రేటన్నాడతను.

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది. మేం ఎక్కేది గోదావరి ఎక్స్‌ప్రెస్. అది ఇంకా తెల్లవారకుండానే అనకాపల్లిలో దింపేస్తుంది. పట్నాల్లో చాలా హోటళ్ళు మధ్యాహ్నం పన్నెండుకి గానీ తలుపు తియ్యవు. పొద్దున్నే దిగితే ఆ నాలుగు గంటలకీ ఇంకో రోజు అద్దె. తక్కువ గది దొరికిందని సంబరపడి, ఈ ఒక్కటీ అడక్కపోవడం వల్ల రెట్టింపు కట్టి వచ్చినవాళ్ళని నేనెరుగుదును. "మీది ఇరవై నాలుగ్గంటల లెక్కేనా?" అన్నాను. "అవునమ్మా. ఎప్పుడు దిగితే అప్పట్నుంచే" అన్నాడు. చిన్న ఊళ్ళలో ఈ సుఖం ఇంకా ఉంది.

ఇక పెట్టేస్తాననగా, అతనే గొంతు తగ్గించి, "కానీ అమ్మా, ఆ గది రోడ్డు వేపుకి ఉంటాది. కొండెక్కే బస్సుల చప్పుడు. పెద్దావిడకి నిద్ర పడుతుందో లేదో చూసుకోండి" అన్నాడు.

ఫోను గట్టిగా వినిపించేలా పెట్టుకోవడం నాకలవాటు. మంచం మీద నుంచి అమ్మ తల తిప్పింది.

"పాడేరు బస్సులా?"

"అవునటమ్మా."

"ఆ గదే తీసుకో" అంది. ఆ తర్వాత లాడ్జి గురించి ఒక్క మాట అనలేదు.

మావారు రానన్నారు. "ఆడవాళ్ళ ప్రయాణంలో నేనెందుకు" అన్నది పైకి చెప్పిన కారణం. ఆంధ్రాలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి బస్సు ఉచితం కదా, టిక్కెట్టు కొనాల్సిన మనిషి తానొక్కరే అవుతారన్నది అసలు కారణం. ఆ ఉచితాన్ని నేనూ లెక్కలో వేసుకున్నాను. బస్సు ఛార్జీల దగ్గర సున్నా చుట్టాను. ఆ సున్నా నా కొంప ముంచింది.

అనకాపల్లి స్టేషన్లో అక్క కలిసింది. చలి బాగానే ఉంది. అమ్మకి శాలువా చుట్టి, తెల్లారేదాకా కూర్చుని, చోడవరం వడ్డాదుల మీదుగా మాడుగుల వెళ్ళే బస్సెక్కాం. కండక్టరు వచ్చాడు. అక్క ఆధార్ కార్డు చూసి సున్నా టిక్కెట్టు కొట్టిచ్చాడు. మా కార్డులు అటూ ఇటూ తిప్పి చూసి, "హైదరాబాద్ అడ్రసుకి అవదమ్మా. ఈ రాష్ట్రం వాళ్ళకే" అన్నాడు.

నిజమే, తప్పు నాదే. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి మేం అదే కార్డు చూపించి ఊరికే తిరుగుతున్నాం. అక్కడ అదే నియమమని తెలుసు గానీ, ఇక్కడా ఉంటుందని తట్టలేదు.

"నేను మాడుగుల పిల్లని బాబూ" అంది అమ్మ.

84 ఏళ్ళ పిల్లని చూసి బస్సులో ఇద్దరు ముగ్గురు నవ్వారు. కండక్టరు నవ్వలేదు. "నిజమేనమ్మా. కార్డులో లేదు గదా మరి" అని మా ఇద్దరికీ టిక్కెట్లు కొట్టాడు. అక్క విజయనగరంలో కాపరం పెట్టి నలభై ఏళ్ళు, మాడుగుల మొహం చూసింది సెలవుల్లోనే. ఆవిడకి ఉచితం. ఊళ్ళో పుట్టినావిడకి టిక్కెట్టు. అమ్మ కిటికీ వేపు తిరిగి కూర్చుంది. వడ్డాది దాటి కొండలు దగ్గరపడేదాకా మాట్లాడలేదు.

లాడ్జి నేననుకున్నదాని కంటే శుభ్రంగానే ఉంది. బల్ల దగ్గర కుర్రాడు ఇంతలావు రిజిస్టరు తీశాడు. పేర్లు, వయసులు అడిగాడు. "ఏ ఊర్నించి?" అంటే నేను హైదరాబాదన్నాను. "స్వస్థలం?" అన్నాడు.

"మాడుగుల" అంది అమ్మ, నాకంటే ముందు.

కుర్రాడు కలం ఆపి తలెత్తాడు. "ఈ ఊరా? మరి రూమెందుకమ్మా?"

అక్కా నేనూ ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. అమ్మ ఏమీ అనలేదు. అతను కొంచెం సేపు చూసి, గడిలో ఏదో రాసి, పక్క గడి మీదికి వెళ్ళాడు. "వచ్చిన పని?"

"హల్వా కొనుక్కోడానికి రాయి" అంది అమ్మ.

అదీ అబద్ధం కాదు. ఇక్కడికొచ్చి హల్వా కొనకుండా పోయేవాళ్ళెవరు? గోధుమలు రోజుల తరబడి నానబెట్టి, రుబ్బి, పాలు పిండి, పులియబెట్టి, నేతిలో కట్టెల పొయ్యి మీద గంటలకొద్దీ తిప్పి చేస్తారు. దంగేటివారి కుటుంబం 1890 ప్రాంతంలో మొదలెట్టిందని చెబుతారు. కొత్త దంపతుల గదిలో పెట్టే మిఠాయిగా దానికో పేరుంది గానీ, తాతగారింట్లో అది పరీక్ష పాసైన పిల్లల మిఠాయి. పావుకిలో పొట్లం విప్పి, ఇంటిల్లిపాదికీ గోరంత ముక్క చొప్పున పెట్టేవారు.

ఆ సాయంత్రం కొట్టు దాకా నడిచాం. దారిలో ఇల్లుండిన చోట మేడ లేచింది. కింద కొట్లు, పైన వాటాలు. అరుగు లేదు. నేను నిలబడితే అమ్మ, "పద, చీకటి పడితే అడుగు కనపడదు" అంది. అర్ధకిలో పొట్లాలు నాలుగు కొంది, తన డబ్బుతో. రాత్రి నేను రెండుసార్లు లేచి చూసినప్పుడు మెలకువగానే ఉంది. "చప్పుడుగా ఉందా?" అంటే, "పొద్దుట్నుంచి పదకొండు ఎక్కాయి, తొమ్మిది దిగాయి. ఇంకా రెండు కొండ మీదున్నాయి" అంది.

మొత్తం పద్దు 11,460 తేలింది. బస్సు టిక్కెట్లు కలిపే. గది అద్దె అందులో లేదు. రెండో రోజు నేను డబ్బు కట్టబోతే, అమ్మ అప్పటికే కట్టేసిందని చెప్పాడు కుర్రాడు. "ఊరి ఆడపడుచుని, ఏమైనా తగ్గిస్తావా" అని బేరం కూడా ఆడిందట. "ఓనరు ఊరుకోడమ్మా" అన్నాడట. అయితే రెండు రోజులూ తెల్లవారుజామున నాలుగున్నరకల్లా వేన్నీళ్ళ బకెట్టు గుమ్మంలో ఉంది.

బయల్దేరే ముందు అమ్మ ఆ మూడు దుప్పట్లూ మడతపెట్టి, మంచం కాళ్ళ వేపు దొంతరగా సర్దింది. లాడ్జీల్లో అలా చెయ్యక్కర్లేదమ్మా అంటే వినలేదు. సంచీ పుచ్చుకుని గుమ్మం దాకా వచ్చి, ఎవరికో చెప్పడం మర్చిపోయినట్టు ఆగింది. మళ్ళీ వెనక్కి తిరిగి, ఆ బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడి, "వెళ్ళొస్తాను నాయనా" అంది.

కుర్రాడు రిజిస్టరులో ఏదో రాసుకుంటున్నాడు. "మంచిదమ్మా. మళ్ళీ రండి" అన్నాడు, తలెత్తకుండానే.