లైసెన్సు లేని గాలం

నాకు ఈత రాకముందే గాలం వేయడం వచ్చు. పాపికొండల ఇవతల మా ఊరి వాగు గోదావరిలో కలుస్తుంది. చిన్నప్పుడు గట్టు మీద వానపాములు తవ్వి కొబ్బరిచిప్పలో వేసుకుని, వెదురు కర్రకు దారం కట్టి, పొద్దు వాలేదాకా అక్కడే ఉండేవాళ్లం. మా నాన్న మావులు అల్లేవాడు, ఊత అల్లేవాడు. తొలకరి పడి వాగులో ఎర్రనీళ్లు దిగగానే చేప గుడ్లు పెట్టడానికి ఎదురెక్కుతుంది. అప్పుడు పట్టడం చాలా తేలిక, చిన్నపిల్లలైనా పడతారు. కానీ నాన్న మొదటి నీళ్లకు మావు పెట్టనిచ్చేవాడు కాదు. "కడుపుతో ఉన్నదాన్ని తింటే వచ్చే ఏడు వాగులో నీళ్లే తాగాలి" అనేవాడు. కొరమీను పిల్లలు ఎర్రగా గుంపుకట్టి నీటి పైకి వస్తే, వాటి కింద తల్లి కాపలా ఉంటుంది. దాని జోలికి కూడా వెళ్లనిచ్చేవాడు కాదు. దసరా దాటి నీళ్లు తేటపడ్డాకే మా ఇంట్లో గాలాలు, వలలు బయటికి వచ్చేవి.

నేను ఆశ్రమ పాఠశాలలో తొమ్మిదో తరగతి చదువుతూ సెలవులకు వచ్చినప్పటి మాట. ఇద్దరు ఉద్యోగులు వాగు దగ్గరికి వచ్చి, ఇది అభయారణ్యం, చేపలు పట్టకూడదు అన్నారు. "లైసెన్సు ఉందా?" అని అడిగారు. నాన్న ఆ మాట ఎప్పుడూ వినలేదు. ఇంటికి పరుగెత్తి వెళ్లి రేషన్ కార్డు తెచ్చి చూపించాడు. వాళ్లు నవ్వారు. వల, రెండు మావులు తీసుకుపోయారు. నాన్న ఆ కార్డు తడవకుండా చొక్కా లోపల పెట్టుకుని ఇంటిదాకా ఏమీ మాట్లాడలేదు. వల పోయిందని కాదు, నా ముందు నవ్వారని ఆయన బాధ. ఆ సంగతి నాకు తర్వాత అర్థమైంది.

ఇన్నేళ్ల తర్వాత నా జేబులో చేపల లైసెన్సు పెట్టుకుని ఒక సరస్సు ఒడ్డున కూర్చున్నాను. అదీ అమెరికాలో.

మా తమ్ముడు వాషింగ్టన్ రాష్ట్రంలో సియాటిల్ పక్కన ఉద్యోగం చేస్తున్నాడు. ఆ చుట్టుపక్కల తెలుగువాళ్లు బాగా ఉన్నారు. ఆగస్టులో వెళ్లి మూడు నెలలు ఉన్నాను. ఇంటికి దగ్గర్లోనే లేక్ సమామిష్ స్టేట్ పార్కు ఉంది. నీళ్లు చూడగానే చెయ్యి దురద పెట్టింది. "అన్నా, ముందు లైసెన్సు" అన్నాడు తమ్ముడు. ఆ మాటకు నాకు కడుపులో ఏదో తిరిగింది.

అక్కడ లైసెన్సు దొరకడం కష్టం కాదు. ఆటసామాన్లు అమ్మే దుకాణంలోనే ఇస్తారు, ఇంటర్నెట్లోనూ కొనుక్కోవచ్చు. పదిహేనేళ్లు నిండినవాళ్లందరికీ కావాలి, అంతకన్నా చిన్నపిల్లలకు అక్కర్లేదు. రాష్ట్రంలో నివాసం లేనివాళ్లకు ధర ఎక్కువ. నాలాంటి చుట్టాలకు ఒకటి నుంచి మూడు రోజులకు ఇచ్చే లైసెన్సు ఉంది, అదే తీసుకోవడం మేలు. ఎందుకంటే ఏడాది లైసెన్సు ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకా లెక్క, మధ్యలో ఎప్పుడు కొన్నా మార్చితో అయిపోతుంది. పార్కులో కారు ఆపుకోవడానికి డిస్కవర్ పాస్ వేరే. సాల్మన్ పడితే ఒక కార్డు మీద అప్పటికప్పుడే రాయాలి, ఇంటికెళ్లి రాస్తానంటే కుదరదు. ఇవన్నీ కాక ప్రతి సరస్సుకూ, ప్రతి ఏటికీ విడివిడిగా నియమాల పుస్తకం. ఏ చేప, ఎన్ని, ఎంత పొడవు, ఏ నెలలో అని. మొదట విసుగొచ్చింది. చదివాక మా నాన్న నోటితో చెప్పినవే వీళ్లు అచ్చు వేశారనిపించింది. ఆ సరస్సులో కొకనీ అనే ఎర్రచేప తగ్గిపోయింది, పడినా వదిలేయాలి. వదిలేటప్పుడు పొడిచేత్తో పట్టకూడదు, ఒంటి మీది జిగురు పోతే చేప బతకదు. చెయ్యి తడుపుకుని, వీలైతే నీళ్లలోనే గాలం తీసేయాలి. కొన్ని చేపలకు తోక దగ్గర వీపు మీదుండే చిన్న రెక్క కత్తిరించి ఉంటుంది. అవి కేంద్రంలో పెంచి వదిలిన పిల్లలు. చాలాచోట్ల అలాంటి సాల్మన్‌నే ఇంటికి తీసుకెళ్లనిస్తారు, రెక్క ఉన్న అడవిచేపను వదిలేయాలి.

ఏప్రిల్ నాలుగో శనివారం చాలా సరస్సులు తెరుస్తారట. అప్పుడు ట్రౌట్ ఎక్కువ పడుతుంది. ఎండలు ముదిరితే అది చల్లటి లోతుకు దిగిపోతుంది, కాబట్టి తెల్లవారుజామునే వెళ్లాలి. నాకు పడింది మాత్రం ఎల్లో పెర్చ్. జానెడు పొడవు, ఒంటి మీద పులిచారలు. తమ్ముడి భార్య చింతపండు వేసి పులుసు పెట్టింది. ముల్లు తక్కువ, రుచి మన వాగు జెల్లకు రాదు. ఇది నా పక్షపాతమే అనుకోండి.

ఒకరోజు ఒక అధికారి మా వైపు నడిచి వచ్చాడు. నా చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. గుండె కొట్టుకుంది. ఆయన కాగితం చూసి, బకెట్లోకి తొంగిచూసి, చల్లగా పలకరించి వెళ్లిపోయాడు. అంతే. నాకు రేషన్ కార్డు గుర్తొచ్చింది.

అక్టోబరులో ఇసాక్వా ఊళ్లో సాల్మన్ చేపల పెంపక కేంద్రానికి తీసుకెళ్లాడు. సముద్రం నుంచి వచ్చిన చేపలు పుట్టిన ఏటిని వెతుక్కుంటూ మెట్లు మెట్లుగా కట్టిన తొట్లలో ఎగిరెగిరి ఎక్కుతున్నాయి. గుడ్లు పెట్టాక చచ్చిపోతాయి. మా తొలకరి చేపే కళ్ల ముందు కనిపించింది.

అక్కడే తమ్ముడు ఆ నేల ఆదివాసుల సంగతి చెప్పాడు. తర్వాత నేను చదివి తెలుసుకున్నాను. 1854, 1855లలో ఆ తెగలు ప్రభుత్వంతో ఒప్పందాలు చేసుకుని దాదాపు భూమంతా వదులుకున్నాయి. ఒకటి మాత్రం వదులుకోలేదు, తాతల నుంచి పట్టే చోట్ల చేపలు పట్టుకునే హక్కు. తర్వాత రాష్ట్రం ఆ మాట మరచి, లైసెన్సు ఏది, కాలం ఏది అని కేసులు పెట్టింది. నిస్క్వాలి తెగకు చెందిన బిల్లీ ఫ్రాంక్ జూనియర్‌ను 1945లో, పద్నాలుగేళ్ల వయసులో మొదటిసారి పట్టుకున్నారు. ఆ తర్వాత యాభైకి పైగా సార్లు అరెస్టయ్యాడు. పడవలు, వలలు పోగొట్టుకున్నాడు, మళ్లీ నదిలోకి దిగాడు. 1974 ఫిబ్రవరి 12న జడ్జి జార్జ్ బోల్ట్ తీర్పు ఇచ్చాడు. ఆ చోట్ల పట్టదగిన చేపల్లో సగం దాకా ఆ తెగలవి, చేపల సంరక్షణలో కూడా వాళ్లు రాష్ట్రంతో సమానం అని. 1979లో సుప్రీంకోర్టు ఆ తీర్పును చాలావరకు నిలబెట్టింది. ఇప్పుడు ఆ తెగలే పెంపక కేంద్రాలు నడుపుతున్నాయి, తమ వాళ్లకు నియమాలు తామే రాసుకుంటున్నాయి.

అంటే నా జేబులో ఉన్నది డబ్బిచ్చి కొన్న అనుమతి. వాళ్లు పట్టేది హక్కుతో. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కారణం బిల్లీ ఫ్రాంక్ కాదు, నేనే.

మనకూ అలాంటి కాగితం ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(డి)లో చేపలు, నీటివనరుల్లో దొరికే ఇతర ఉత్పత్తుల మీద సామాజిక హక్కు స్పష్టంగా రాసి ఉంది. ఆ చట్టం అడవి అని చెప్పే నిర్వచనంలో అభయారణ్యాలు, జాతీయ పార్కులు కూడా ఉన్నాయి. మా పాపికొండలు 2008లో జాతీయ పార్కు అయింది. అదే ఏడు హక్కుల దరఖాస్తులు మొదలయ్యాయి. మా ఊళ్లో చదువుకున్నవాణ్ణని ఆ ఫారాలన్నీ నాతోనే రాయించారు. నేను ఫారం-ఎ లు రాశాను, పోడు భూముల కోసం. వాగు గురించి ఒక్క ముక్క రాయలేదు. సామాజిక హక్కుకు ఫారం-బి ఉందని తెలుసు, తర్వాత చూద్దాం అనుకున్నాను. నాన్న రేషన్ కార్డు చూపించిన వాగును ఆయన కొడుకే కాగితంలో వదిలేశాడు.

పిల్లలకు, తోటి టీచర్లకు నేను చెప్పేది ఇదే: మీ ఊరి ఫారం-బి ఉందో లేదో అడగండి. ఉంటే అందులో వాగు, మడుగులు, చెరువు ఉన్నాయో చూడండి. లేకపోతే గ్రామసభలో పెట్టండి. పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యంగా చెల్లుతుంది. పెద్ద చెరువులు, రిజర్వాయర్ల సంగతి వేరు, అక్కడ మత్స్యశాఖ లైసెన్సో సొసైటీ సభ్యత్వమో చూసుకుని దిగండి. ఇంకొక మాట, కొందరు కుర్రాళ్లకు కోపం వచ్చినా సరే. బ్యాటరీ కరెంటు, మందుగుండు, బ్లీచింగ్ పొడి పెట్టి పట్టేవాళ్లు హక్కు గురించి మాట్లాడితే ఎవరు వింటారు? మందుగుండు, విషం పెట్టి చేపలు చంపడం 1897 చట్టం నుంచే నేరం. అటవీ హక్కుల చట్టం కూడా హక్కుతోపాటు నీటివనరులను కాపాడే బాధ్యత మన మీద పెట్టింది.

తిరిగి వచ్చాక, ఒక సాయంత్రం నాన్నను అరుగు మీద కూర్చోబెట్టి మడుగుల పేర్లు అడిగి రాసుకున్నాను. కొన్ని నేను ఎప్పుడూ వినలేదు. పదకొండు చెప్పి ఆగాడు. పన్నెండోది ఊరి పైన, బండల మధ్య ఉంటుంది. మా తాతల నుంచి అందులో ఎవరూ గాలం వేయరు, వేసవిలో చేప అంతా అక్కడే దాక్కుంటుంది.

"అది రాయనా, వద్దా?" అన్నాను.

కాసేపు వాగు వైపు చూశాడు. "రాయి" అన్నాడు. "అక్కడ మేము పట్టం అని కూడా రాయి."