పేలిన చుక్క చెప్పిన దూరము

చీకటిలో ఒక దీపము కనబడినప్పుడు అది యెంత దూరమున నున్నదో చెప్పుట సులభము కాదు. దగ్గరనున్న చిన్న ప్రమిదయు, మిక్కిలి దూరముననున్న పెద్ద దివిటీయు కంటికి ఒక్క తీరుగనే తోచును. ఆ దీపము నిజముగా ఎంత వెలుగు నిచ్చునో తెలిసినచో దూరమును గణింపవచ్చును. ఏలయన దూరము రెట్టింపైన వెలుగు నాలుగవ వంతగును. మూడింతలైన తొమ్మిదవ వంతగును. ఆకాశమును కొలువదలచినవారికి కలిగిన చిక్కు ఇదియే. కోటానుకోట్ల చుక్కలలో ప్రమిద యేది, దివిటీ యేది?

ఈ చిక్కును విప్పినది చచ్చిన నక్షత్రమనిన నాకు నేటికిని ఆశ్చర్యమే.

సూర్యునివంటి నక్షత్రము ఇంధనము తీరిన పిదప కుంచించుకొని, ఇంచుమించు భూమియంత శ్వేతకుబ్జముగా మిగులును. దాని బరువునకు ఒక హద్దు కలదు. 1930లో పందొమ్మిదేండ్ల సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ ఇంగ్లండునకు ఓడలో పోవుచు, ఆ హద్దును గూర్చి లెక్కలు కట్టెను. అది సూర్యుని బరువునకు సుమారు 1.4 రెట్లు. 1935లో లండను సభలో ఎడింగ్టన్ మహాశయుడు ఆ సిద్ధాంతమును పరిహసించెను. ఎంత గొప్పవాడైనను ఆ పరిహాసము ఆయనకు తగినది కాదని నా యభిప్రాయము. చంద్రశేఖరునకు నోబెల్ బహుమానము 1983లో గాని రాలేదు.

శ్వేతకుబ్జము తోడి నక్షత్రమునుండి పదార్థమును లాగికొనినను, మరియొక శ్వేతకుబ్జముతో కలిసిపోయినను, దానిలోని కర్బనము ఒక్కపెట్టున రగులుకొని నక్షత్రమంతయు పేలిపోవును. ఈ రెంటిలో ఏది తరచుగా జరుగునో పండితులింకను వాదించుచునే యున్నారు. పేలిన రెండు మూడు వారములకు దాని కాంతి నాలుగైదు వందల కోట్ల సూర్యుల వెలుగంత యగును. ఇట్టి పేలుళ్ళు దాదాపు ఒకే తీరున వెలుగును గనుక అవియే మనకు కావలసిన దివిటీలు.

దాదాపు అంటిని గాని, సరిగా ఒకటే కాదు. కొన్ని ఎక్కువగను, కొన్ని తక్కువగను వెలుగును. ఎక్కువ వెలిగినవి మెల్లగా మసకబారునని 1993లో మార్క్ ఫిలిప్స్ చూపెను. మసకబారు తీరును కొన్ని వారములు గమనించినచో అసలు వెలుగు తెలియును. ఈ కథలో నాకు మిక్కిలి నచ్చిన ఘట్టమిది. కొలబద్దలోని లోపమే కొలబద్దను సరిదిద్దినది.

ఒక్క నక్షత్రవీధిలో ఇట్టి పేలుడు కొన్ని వందల యేండ్లకు ఒక్కటి మాత్రమే కలుగును. అందుచేత పరిశోధకులు అమావాస్య దాటగానే వేలకొలది వీధులను ఛాయాచిత్రములు తీసి, మరుసటి అమావాస్యకు ముందు మరల తీసి, రెంటిని పోల్చి క్రొత్త చుక్కలను వెదకిరి. ఒక్కొక్కప్పుడు అదృష్టమును తోడ్పడును. 2014 జనవరిలో లండను విశ్వవిద్యాలయ వేధశాలలో ఒక ఉపాధ్యాయుడు శిష్యులకు దూరదర్శినిని వాడుట నేర్పుచుండగా మబ్బులు క్రమ్ముకొనసాగెను. మిగిలిన కొద్ది నిమిషములలో సప్తర్షి మండలము దిక్కుననున్న ఒక వీధికి దానిని త్రిప్పగా, అందు ఎన్నడులేని చుక్క కనబడెను! ఆ కాంతి బయలుదేరి సుమారు 1 కోటి 20 లక్షల యేండ్లైనది.

1998లో రెండు బృందములు దూరపు పేలుళ్ళను కొలిచినప్పుడు అవి ఎదురుచూచినదానికంటె మసకగా నుండెను. అనగా ఇంకను దూరమున నున్నవి. విశ్వవ్యాప్తి క్రమముగా మందగించునని తలచినవారికి, అది వేగము పుంజుకొనుచున్నదని తేలెను. పెర్ల్‌మటర్, ష్మిట్, రీస్ అను మువ్వురకు ఇందులకై 2011లో నోబెల్ బహుమానము లభించెను. ఈ త్వరణమునకు కారణమైనదానికి ‘కృష్ణశక్తి’ యని పేరైతే పెట్టిరి గాని, అదేమో ఎవరును ఎరుగరు.

తగవింకను తీరలేదు. 32.6 లక్షల కాంతిసంవత్సరముల దూరమునకు వ్యాప్తివేగము సెకనుకు సుమారు 73 కిలోమీటర్లని, పేలుళ్ళను కొలిచిన యొక ప్రధాన బృందము చెప్పుచున్నది. విశ్వపు తొలినాటి కాంతిని ఆధారముగా గొన్నవారి లెక్కలో అది 67 మాత్రమే. చిలీ దేశపు కొండపైని వేరా రూబిన్ వేధశాల 2025 జూన్‌లో తొలి చిత్రములను ప్రకటించినది. దానికి అప్పగించిన పనులలో ఇట్టి పేలుళ్ళను లక్షలకొలది పట్టుటయు నొకటి.