అడ్డుకర్ర

నిరుడు చైత్రంలో పాడేరు బస్సెక్కాం. చోడవరంలో కూర్చున్నది మొదలు మా అమ్మాయి పుస్తకంలోంచి తలెత్తలేదు. ఇంగ్లండు జానపద కథలు. వడ్డాది వచ్చాక, కొండ మీది వెంకన్న గుడి చూపించి ‘అదే మా అమ్మమ్మగారి ఊరు’ అన్నాను. ‘ఊఁ’ అని పేజీ తిప్పింది. మాడుగుల్లో హల్వా కొనిపెడితే గానీ నోరు విప్పలేదు. విప్పాక మాత్రం కథ మొత్తం చెప్పింది.

గోతం అనే ఊరి జనానికి ఓ ఉపాయం తట్టిందట. కోయిల వస్తే వసంతం వస్తోంది, పోతే పోతోంది. దాన్ని పోనివ్వకపోతే సరి! పొద చుట్టూ కంచె కట్టేశారు. కోయిల కాస్తా పైనుంచి ఎగిరిపోయింది. ‘అరెరె, ఇంకొంచెం ఎత్తు కట్టాల్సింది’ అనుకున్నారట. ఆ పేరుగల ఊరు నాటింగ్‌హామ్ దగ్గర ఇప్పటికీ ఉంది. వాళ్ల కోయిల అచ్చంగా మన కోయిల కాదు, దాని దాయాది. ఆఫ్రికా నుంచి ఏప్రిల్లో వచ్చి, వేసవి పూర్తికాకుండానే వెళ్లిపోతుంది. అందుకే వాళ్లకంత బెంగ. మనది ఏడాది పొడవునా మన చెట్ల మీదే ఉంటుంది.

ఘాట్ రోడ్డు ఎక్కి, పాడేరు ఇంకా కొంత దూరం ఉందనగా బస్సు ఆగింది. రోడ్డుకి అడ్డంగా పొడవాటి కర్ర. అటూ ఇటూ పాట పాడుతున్న ఆడవాళ్లు.

‘అమ్మా, వీళ్లూ కోయిలకి కంచె కడుతున్నారా?’ అంది మా అమ్మాయి.

నవ్వొచ్చింది. ఆ వెంటనే పాతికేళ్ల కిందటి ఇదే రోడ్డు గుర్తొచ్చింది.

అప్పుడు నాన్నగారి ఉద్యోగం పాడేరులో. ఉగాదికి వడ్డాది వెళ్లి తిరిగి వస్తున్నాం. బయల్దేరేముందు అమ్మమ్మ నా చేతిలో రెండ్రూపాయల బిళ్ల పెట్టి, ‘దారిలో ఆడకూతుళ్లు కర్రడ్డం పెడతారు. వట్టి చేతుల్తో దాటకే’ అంది. దారంతా ఆ బిళ్లని గుప్పిట్లోనే పట్టుకున్నాను. బస్సాగింది. కర్ర ఓ చివర పట్టుకుని నిలబడ్డ పిల్ల మా క్లాసే, నా బెంచీయే. నన్ను చూసి చెయ్యూపి కిటికీ దగ్గరికొచ్చింది. ‘పండగ పేరు చెప్పి అడుక్కోవడం’ అని నాన్నగారు పక్కనుంచి విసుక్కున్నారు. నేను కిటికీ షట్టర్ దించేశాను.

సోమవారం ఆ పిల్ల బెంచీ మారింది. ఎందుకని నేనూ అడగలేదు. ఆ రెండ్రూపాయలతో పుల్లైసు కొనుక్కున్నాను.

అది ఇటుకల పండుగ. చైత్రంలో మన్యం ఊళ్లలో రోజుల తరబడి జరుగుతుంది. ఒడిశా కొరాపుట్‌ వైపు చైత పరబ్ అంటారు. విత్తనాలు ఊరి దేవుడి ముందు పెట్టి పూజ చేసి పంచుకుంటారు. ఆ తర్వాతే పొలంలో చల్లడం. రాత్రిళ్లు థింసా. మగవాళ్లు వేటకెళ్లాలని ఆచారం. వట్టి చేతుల్తో తిరిగొచ్చారో, ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి ఆట పట్టిస్తారు. (1972 నాటి వన్యప్రాణి చట్టం తర్వాత వేట నేరమైంది గానీ, పేడనీళ్లకి ఏ చట్టమూ అడ్డం రాలేదు.) ఆడవాళ్ల వంతు రోడ్డు. వచ్చే పోయే బండిని ఆపి, పాట పాడి, పండక్కి చందా పుచ్చుకోవడం. బస్సు ఎక్కిన వాళ్లం ఆ ఒక్క ముక్కే చూశాం.

కొన్నేళ్ల కిందట ఈస్టర్ మీద ఓ వ్యాసం కోసం చదువుతుంటే హాక్‌టైడ్ అనే మాట తగిలింది. ఈస్టర్ తర్వాత రెండో సోమ, మంగళవారాలు. మధ్యయుగాల ఇంగ్లండులో ఆ రెండు రోజులూ వీధికడ్డంగా తాళ్లు పట్టుకునేవారు. ఒకరోజు ఆడవాళ్లు మగవాళ్లని, ఇంకోరోజు మగవాళ్లు ఆడవాళ్లని పట్టి కట్టేసేవారు. డబ్బిస్తేనే విడుదల. ఆ డబ్బు చర్చికి. చర్చిల పాత లెక్కల్లో చూస్తే ఆడవాళ్ల వసూలే ఎక్కువట! 1450లో వూస్టర్ బిషప్ ఇదేం పోకడంటూ నిషేధించాడు. జనం వినలేదు. బెర్క్‌షైర్‌లోని హంగర్‌ఫర్డ్‌లో హాక్‌టైడ్ ఇంకో రూపంలో ఇప్పటికీ బతికే ఉంది. పూలూ రిబ్బన్లూ కట్టిన పొడవాటి కర్రలతో టుట్టి మెన్ అనే పెద్దమనుషులు ఇంటింటికీ తిరిగి, ఆడవాళ్లని ముద్దడిగి, నారింజపండు ఇచ్చి వెళ్తారు. ఫొటోల్లో కోట్లు వేసుకుని ఎంత హుందాగా ఉన్నారో! నేను చదివిన చోటల్లా దాన్ని ‘సంప్రదాయం’ అనే రాశారు. ‘అడుక్కోవడం’ అని ఎక్కడా లేదు. వ్యాసం రాశాను, అచ్చయింది. షట్టర్ సంగతి మాత్రం అందులో రాయలేదు.

ఈసారి కిటికీ తెరిచే ఉంది. కర్ర దగ్గరున్న ఒకావిడది దాదాపు నా వయసే. ముఖం పరీక్షగా చూశాను. ఆ పిల్ల కాదు. నోటిచ్చాను. అమ్మాయి తన వంతుగా హల్వా పొట్లం చాచింది.

‘ఏ ఊరమ్మా?’ అందావిడ.

‘వడ్డాది’ అన్నాను. ఇప్పుడుండేది విశాఖలోనే అయినా ఆ మాటే వచ్చింది. ఆ పిల్ల పేరు చెప్పి, తెలుసా అనడిగాను.

‘ఆ పేరున మా ఊళ్లోనే నలుగురున్నారమ్మా. ఏ నాగన్న కూతురో, ఏ సోమన్న కూతురో చెప్పాల!’

తండ్రి పేరు నాకెప్పుడూ తెలీదు. డ్రైవర్ హారన్ కొట్టాడు. కర్ర పైకి లేచింది.