గుమ్మంలో అక్షరం

పిల్లలూ! నా చిన్నతనంలో మా నాయనమ్మ నాకొక వెండి రూపాయి ఇచ్చింది. అది నిజాం కాలపు హాలీ సిక్కా. తళతళలాడాలని దాన్ని చింతపండూ ఇటుకపొడీ వేసి తోమాను. మెరుపు వచ్చింది గాని అక్షరాలు అరిగిపోయాయి. నాయనమ్మ ఏమీ అనలేదు. నాకే ఏడుపు వచ్చింది.

మొన్న వరంగల్ చౌరస్తా దగ్గర ఒక కంసాలి కరిగించడానికి ఉంచిన పాతవెండిలో అటువంటి రూపాయే కనబడింది! వెండి ధర ఇచ్చి తెచ్చుకున్నాను. భూతద్దంతో చూస్తే, చార్మినారు బొమ్మ గుమ్మంలో 'ఐన్' అనే అక్షరం చెక్కుచెదరకుండా ఉంది. అది ఉస్మాన్ అలీఖాన్ పేరులో మొదటి అక్షరం. అంతకుముందు మహబూబ్ అలీఖాన్ నాణేల మీద అక్కడ 'మీమ్' ఉండేది. 1911లో ప్రభువు మారాడు. గుమ్మంలో అక్షరమూ మారింది.

అరవై దాటిన నాకు ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదంటే నమ్మండి!

నల్లబడిన ఆ రూపాయిని చూసి మా మనవడు, "తాతా, తోమనా?" అన్నాడు.

"వద్దు బిడ్డా! గాలిలోని గంధకపు వాయువులు తగిలి వెండి మీద నల్లని పొర కట్టింది. తోమితే దానితోపాటు అక్షరమూ పోతుంది" అన్నాను.

వాడు రూపాయిని అంచులు పట్టుకొని, మెల్లగా వెలుతురులో పెట్టి చూశాడు. మీకూ పాతనాణెం దొరికితే అలాగే చూడండి, సుమా!